కాన్పు ఎక్కడ? ముందే తెలుసుకోండి



నెల తప్పిన నాటినుంచీ ఇంట్లో ఒకటే మాట: పురుడు పుట్టింట్లోనా, అత్తింట్లోనా? కాని అసలు అడగవలసింది, ఏ ఆసుపత్రిలో అని. అర్ధరాత్రి నొప్పులు మొదలయ్యాక ఆలోచిస్తే దొరికిన ఆటో, దగ్గరున్న ఆసుపత్రి అయిపోతుంది. మోసేది మీరు. కాబట్టి మొదటి మాట మీదే కావాలి.

"మేమంతా ఇంట్లోనే కన్నాం, ఏమయింది?" అంటారు పెద్దలు. నిజమే, చాలా కాన్పులు సుఖంగానే అవుతాయి. కాని ఏది అడ్డం తిరుగుతుందో ముందే చెప్పగలవారు లేరు. బిడ్డ పుట్టాక రక్తం ఆగకపోతే కొద్ది గంటల్లోనే తల్లి ప్రాణం పోవచ్చు. ఆసుపత్రిలో బిడ్డ పుట్టగానే గర్భసంచి ముడుచుకోవడానికి ఇంజెక్షను ఇస్తారు. ఇంట్లో అది ఉండదు.

అన్ని ఆసుపత్రులూ ఒకటి కావు. ఏ ఇబ్బందీ లేనివారికి, రాత్రింబగళ్ళు కాన్పులు చేసే ప్రాథమిక ఆరోగ్య కేంద్రం చాలు. లోగడ ఆపరేషను అయినవారు, కవలలున్నవారు, బిడ్డ ఎదురుకాళ్ళతో ఉన్నవారు, రక్తపోటు, షుగరు, బాగా రక్తహీనత ఉన్నవారు మాత్రం ఆపరేషను వసతి, రక్తం ఉన్న పెద్దాసుపత్రికే వెళ్ళాలి. మీరు ఏ కోవలోకి వస్తారో నర్సమ్మను అడగండి. పుట్టింటికి వెళ్తే మీ కార్డు వెంట తీసుకెళ్ళి అక్కడి నర్సమ్మకు చూపించండి.

ఖర్చుకు వెరవకండి. 2011లో వచ్చిన పథకం ప్రకారం ప్రభుత్వాసుపత్రిలో కాన్పు, ఆపరేషను, మందులు, రక్తం, భోజనం అన్నీ ఉచితం.

మరొక మాట. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో నూటికి 60కి పైగా, ఆంధ్రప్రదేశ్‌లో 42 కాన్పులు ఆపరేషన్లే. అవసరమైనప్పుడు అది ప్రాణం నిలుపుతుంది. అంతేగాని ముహూర్తం కోసమో, నొప్పులకు భయపడో కోయించుకోకండి. డాక్టరు ఆపరేషనంటే నెమ్మదిగా అడగండి: ఎందుకు? కొంచెం ఆగితే ఏమవుతుంది? అడగడం తప్పు కాదు, మీ హక్కు.

రక్తం కనిపించినా, ఫిట్స్ వచ్చినా, విపరీతమైన తలనొప్పితో చూపు మసకబారినా, బిడ్డ కదలిక తగ్గినా తెల్లవారేదాకా ఆగకండి. వెంటనే 108కి ఫోను చేయండి.

తర్వాతి బిడ్డకు ఎడం గురించీ ఇప్పుడే భార్యాభర్తలు ఆలోచించుకోండి. కావాలంటే కాన్పయిన 48 గంటల్లోపే కాపర్-టి వేయించుకోవచ్చు. అది మీ ఇష్టం, బలవంతం లేదు.

ఈ రాత్రే ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోండి. తల్లి క్షేమమే ఇంటికి క్షేమం.