గాయం ముదిరినప్పుడు పిటిషన్

ఈ ఉపన్యాసం ఎవరి స్మృతిలో జరుగుతోందో, ఆ గురువుగారి దగ్గరే నేను క్లెయిం పిటిషన్ రాయడం నేర్చుకున్నాను. ముందు డిశ్చార్జి సమ్మరీ చదవమనేవారు. తరువాత దెబ్బ తగిలిన మనిషిని నాలుగడుగులు నడిపించి చూడమనేవారు. అప్పుడే కాగితం ముట్టుకోనిచ్చేవారు.

సొంతంగా ప్రాక్టీసు పెట్టాక రోడ్డు ప్రమాదంలో ఒక తాపీమేస్త్రీకి కాలు విరిగిందని మోటారు ప్రమాదాల ట్రైబ్యునల్‌లో మూడు లక్షలకు ఓ.పి. (అసలు పిటిషన్) వేశాను. ఇంకా అడగవచ్చు గాని, అడిగిన కొద్దీ కోర్టు ఫీజు పెరుగుతుంది. వాళ్లింట్లో ఉన్నదంతా అప్పటికే మందులకు పోయింది. సాక్ష్యం నడుస్తుండగా ఎముకకు చీము పట్టి, మోకాలి కిందికి కాలు తీసేశారు. పిటిషన్‌లో మాత్రం ఆ కాలు ఇంకా ఉంది! ఎనిమిది లక్షలకు సవరణ కోరుతూ ఐ.ఏ. (మధ్యంతర దరఖాస్తు) వేస్తే, విచారణ మొదలయ్యాక కుదరదని బీమా కంపెనీ కౌంటరు వేసింది.

వారు పట్టుకున్నది సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 6, రూల్ 17. తగిన శ్రద్ధ చూపినా ఆ సంగతిని ముందే లేవనెత్తగలిగేవారు కాదని కోర్టుకు తోస్తే తప్ప, విచారణ మొదలయ్యాక సవరణ ఒప్పుకోకూడదని 2002 జులై 1 నుంచి అందులో షరతుంది. ఆ షరతు ప్రకారం చూసినా మేస్త్రీదే న్యాయం. అప్పటికి తీయని కాలు సంగతి ముందే ఎలా రాస్తాడు?

పైగా ట్రైబ్యునల్ ఆస్తి దావాలు వినే కోర్టు కాదు. మోటారు వాహనాల చట్టం 169వ సెక్షన్ దానికి సంక్షిప్త విచారణ పద్ధతి ఇచ్చింది. 168వ సెక్షన్ న్యాయమనిపించిన పరిహారం ఇమ్మంది. అడిగినదాన్ని మించకూడదని అనలేదు. నాగప్ప వర్సెస్ గురుదయాళ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. 2018లో రమ్లా కేసులో 25 లక్షలు అడిగినవారికి 28 లక్షలు ఇచ్చింది కూడా.

నాగప్ప తీర్పులో నన్ను నిద్రపోనివ్వని మాట ఇంకొకటుంది. తుది అవార్డు వచ్చాక, చికిత్స ఖర్చు పెరిగిందంటూ మళ్లీ అవార్డు ఇచ్చే ఏర్పాటు ఈ చట్టంలో లేదు. బాధితుడికి ఉన్నది ఈ ఒక్క అవకాశమే. అందుకే సవరణను కొట్టేసే ముందు ట్రైబ్యునల్ పదిసార్లు ఆలోచించాలని నా మనవి.

ఎలాగూ ఎక్కువ ఇవ్వవచ్చుగదా, సవరణ దేనికని కుర్ర ప్లీడర్లు అడుగుతుంటారు. అవతలివారికి ముందుగా తెలియాలి కనుక. కొత్త వైకల్యం గురించి డాక్టరును వారు క్రాస్ చేయాలి కనుక. చెప్పకుండా వాదనల రోజున మొత్తం పెంచడం నాకు నచ్చదు.

పిటిషన్‌లో బండి నంబరు మార్చమని సవరణ కోరడం మాత్రం వేరే సంగతి. ఎఫ్.ఐ.ఆర్.లో ఒక అంకె తప్పుపడి, చార్జిషీటులో సరైందుంటే దిద్దుకోవచ్చు. నెలలు గడిచాక ఎక్కడా లేని కొత్త బండి వస్తే అనుమానించాల్సిందే. పైగా 2022 ఏప్రిల్ 1 నుంచి పిటిషన్ వేయడానికి ప్రమాదం జరిగిన నాటి నుంచి ఆరు నెలల గడువుంది కనుక, ఆలస్యంగా చేర్చిన ఆ బండి యజమాని గడువు దాటిందనే అంటాడు. ఆ కాగితాలు మొదటి వారంలోనే చూసుకోవాలి.

మేస్త్రీ సవరణకు అనుమతి దొరికింది. తేడా ఫీజు కట్టాం. డాక్టరును మళ్లీ పిలిపించారు. ఆ వాయిదాకు మేస్త్రీ చంకకర్రల మీద వచ్చి, బోను దగ్గర ఆగి, మెట్టు ఎక్కించమని నావైపు చెయ్యి చాచాడు.