ఆ ఒక్క రాత్రి దాటించాలి

(మిర్చి కోతలకు ముందు జరిగిన మండల రైతు సభలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి సభలో ధర గురించి, కౌలు కార్డుల గురించి మాట్లాడుకుంటాం. ఇవాళా అవి ఉన్నాయి. వాటికి ముందు ఒక పావుగంట మనసు గురించి మాట్లాడాలని కమిటీలో అనుకున్నాం. "మాకేమన్నా పిచ్చా, ఈ మాటలెందుకు" అని వెనక ఎవరో అంటున్నారు. అనండి, ఫర్వాలేదు. ఆ ఒక్క మాటకి జడిసే చాలామంది నోరు మెదపకుండా ఉండిపోతున్నారు.

ముందు ఒక సంగతి తేల్చుకుందాం. ఈ దిగులు మన చేతగానితనం వల్ల వచ్చింది కాదు. 1987-88లో ఈ నల్లరేగడిలో పత్తి ఎలా పోయిందో పెద్దవాళ్లకి గుర్తుంటుంది. తెల్లదోమ, దాని వెనకే శనగపచ్చ పురుగు. సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు కొట్టేకొద్దీ పురుగు మొండికేసింది, మందుల కొట్లో బాకీ పెరిగింది. ప్రకాశం, గుంటూరు పత్తి రైతుల ఆత్మహత్యల గురించి దేశం మాట్లాడుకుంది అప్పుడే. 2021-22లో నల్ల తామర పురుగు మిర్చి పూతనే తినేసింది. 2023లో క్వింటాలు 20,000 పైన పలికిన కాయ 2025 ఫిబ్రవరికి ఎంతకి పడిపోయిందంటే, కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చింది. ఎకరాకి లక్షన్నర పైన పెట్టి, దాని మీద కౌలు కట్టినవాడికి ఆ లెక్క చూశాక నిద్ర ఎలా పడుతుంది? అందుకే ధర కోసం, కౌలు రైతుకి బ్యాంకు అప్పు కోసం మనం చేసే పోరాటం కూడా మనసుకి మందేనంటాం.

అయితే ధర వచ్చేదాకా మనిషి ఉండాలి కదా.

పోయినవారి ఇళ్లకి పరామర్శకి వెళితే ఎక్కువగా వినపడే మాట, "పొద్దున మామూలుగానే ఉన్నాడండీ" అని. అప్పు మూడేళ్లది కావచ్చు. ఆ నిర్ణయం మాత్రం చాలాసార్లు కొన్ని గంటలది, ఒక్కోసారి నిమిషాలది. ఆ గడియ దాటించగలిగితే, వారిలో ఎక్కువమంది మళ్లీ ఆ దారి పట్టరు. ఇది వైద్యులు ఎన్నో దేశాల్లో చూసి చెప్పిన మాట.

మన ఊళ్లలో కష్టం ఏమిటంటే, ఆ గడియలో పురుగుమందు చేతికందే దూరంలో ఉంటుంది. మంచం కింద, గడ్డివాము పక్కన, బియ్యం బస్తాల వెనక. శ్రీలంకలో 1990ల నుంచి బాగా విషపూరితమైన మందుల్ని ఒక్కొక్కటిగా నిషేధించుకుంటూ వచ్చారు. ఆత్మహత్యలు బాగా తగ్గాయి, పంట దిగుబడి మాత్రం తగ్గలేదు. ఇంటింటికీ తాళం పెట్టెలు ఇచ్చి కూడా అక్కడ చూశారు, దానివల్ల పెద్దగా ఫలితం రాలేదు. తాళంచెవి ఇంట్లోనే ఉంటే ఏం లాభం? తమిళనాడులో కడలూరు జిల్లా కాట్టుమన్నార్‌కోయిల్ దగ్గర, డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ నడిపే స్నేహ సంస్థవారు ఇంకో దారి చూశారు. ఊరికి ఉమ్మడిగా ఒక గది కట్టి, అందులో రైతుకో పెట్టె ఇచ్చి, చూసుకోవడానికి మనిషిని పెట్టారు. ఆ పద్ధతి మన ఊళ్లకి సరిపోతుందని మా నమ్మకం. రైతు సేవా కేంద్రంలో ఒక గది ఇమ్మని ఈ సభ తరఫున తీర్మానం పెడుతున్నాం. అది వచ్చేదాకా ఎవరింట్లోనైనా మనిషి దిగులుగా ఉంటే, ఆ ఇంటి మందు డబ్బాలు అన్నదమ్ముల ఇంటికో పక్కింటికో తీసుకెళ్లి తాళం వేయండి. మొహమాటపడొద్దు.

ఎవరు దిగులుగా ఉన్నారో ఎలా తెలుస్తుంది? రోజూ రచ్చబండ దగ్గరకి వచ్చే మనిషి రాడు. ఫోను తీయడు. తాగుడు పెరుగుతుంది. చేలో కలుపు పెరుగుతున్నా పట్టించుకోడు. కొందరు ఉన్నట్టుండి అందరి లెక్కలూ అప్పగించడం మొదలుపెడతారు. అది చూస్తే ఇక ఆలస్యం చేయొద్దు. మగవాళ్ల సంగతే చెబుతున్నామనుకోకండి. డ్వాక్రా వాయిదా, మైక్రోఫైనాన్సు వాయిదా ఒకే వారం వచ్చిపడితే ఆ ఇల్లాలి గుండె ఎలా ఉంటుందో అడిగేవాళ్లే లేరు.

వెళ్లి కూర్చోండి. "బాబాయ్, నాలుగు రోజులుగా కల్లం వైపు రాలేదు, నిద్ర పడుతోందా?" అనండి. తర్వాత సూటిగానే అడగండి, "చచ్చిపోవాలని గానీ అనిపిస్తోందా?" అని. అడిగితే లేని ఆలోచన పుట్టదు. గుండె మీద బరువు దిగుతుంది. "ధైర్యంగా ఉండు, నీకంటే కష్టంలో ఉన్నవాళ్లు లేరా" అనే మాట మాత్రం అనొద్దు. వినండి. ఆ రాత్రి ఒంటరిగా వదలొద్దు. మర్నాడు అప్పిచ్చినవారి దగ్గరకి మనమే నలుగురం కలిసి వెళ్లి గడువు అడుగుదాం. ఒక్కడు వెళ్తే ఒక మాట, సంఘం వెళ్తే ఇంకో మాట.

ఇంకా తేరుకోకపోతే 14416. 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ నంబరు ఇది. ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ఎవరైనా మందు తాగితే చిట్కా వైద్యాలు వద్దు, వెంటనే 108కి ఫోను చేయండి, డబ్బా కూడా ఆసుపత్రికి తీసుకెళ్లండి. కేసవుతుందని దాచొద్దు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, వైద్యం అందించే బాధ్యత ప్రభుత్వానిది.

యార్డులో లెక్క చీటీ చేతికొచ్చిన వారం, వాయిదా గడువు దాటిన వారం మన ఊళ్లకి గడ్డు రోజులు. ఆ రోజుల్లో ఇల్లిల్లూ, ముఖ్యంగా కౌలు రైతుల ఇళ్లు, తిరగడానికి ఊరికి ఇద్దరు కావాలి, అందులో ఒకరు ఆడమనిషై ఉండాలి. భోజనాలకి లేచేముందు ఈ బల్ల దగ్గర పేర్లు రాయించండి.