గోపన్‌పల్లి చరిత్ర నెవరు వ్రాయవలెను?



గ్రామచరిత్ర యనగానే మనము కోటబురుజులను, రాజశాసనములను వెదకుదుము. అవి కానరాని యూరికి చరిత్రయే లేదని తీర్మానింతుము. ఇది గొప్ప పొరపాటు. ఊరివారు దేనికొఱకు కలహించిరో తెలిసికొన్నచో, దేనివలన బ్రతికిరో తెలియును. మన గోపన్‌పల్లి ప్రాంతమున ఆ కలహము భూమినిగూర్చినది.

ఈ వైపున 'కంచ' యనగా పసులు మేయు బీడు. 1969, 1972 ఉద్యమముల పిదప, 1973 నాటి ఆఱుసూత్రముల పథకమువలన, 1974లో హైదరాబాదు విశ్వవిద్యాలయ మేర్పడెను. మన పొరుగు గచ్చిబౌలి బీళ్లలో సుమారు 2300 ఎకరములు దానికి లభించెను. 2003లో ప్రభుత్వము కంచ గచ్చిబౌలిలో 400 ఎకరములను ఒక క్రీడాసంస్థకు కేటాయించెను. 2004లో విశ్వవిద్యాలయమునకు బదులుగా చూపబడినది మన గోపన్‌పల్లిలోని 36, 37 సర్వే నంబర్ల భూమియే. అది సుమారు 397 ఎకరములు. 2006లో క్రీడాసంస్థ కేటాయింపు రద్దయ్యెను. వ్యాజ్యము 2024 వఱకు సాగెను. 2025 మార్చిలో యంత్రములు వచ్చి చెట్లను కూల్చుచుండగా విద్యార్థులు అడ్డుపడిరి. భూమి తనదేనని ప్రభుత్వము, సరిహద్దుల నిర్ణయమే జరుగలేదని విశ్వవిద్యాలయము వాదించెను. ఏప్రిల్ 3వ తేదీన సుప్రీంకోర్టు పనులను నిలిపివేసెను.

అట్టి పత్రములలో ఎకరములుండును, నంబర్లుండును. కాని ఆ బీట గొఱ్ఱెలను మేపినవా డెవడు? వాన కురిసినపుడు నీ రేవైపునకు పాఱెడిది? ఏ గట్టుకొఱకు ఇరుగుపొరుగులు మాటలు మానిరి? ఇవి పత్రములలో దొరకవు. వృద్ధుల జ్ఞాపకములలోనే దొరకును. వారితోడనే అంతరించును.

తెలంగాణమున కవులు లేరని యొక నింద పుట్టినపుడు సురవరము ప్రతాపరెడ్డిగారు వట్టి కోపముతో తృప్తిపడలేదు. మూడువందల యేబదికి పైబడిన కవుల రచనలను సేకరించి 1934లో 'గోలకొండ కవుల సంచిక'ను ప్రకటించిరి. ఊరికి చరిత్ర లేదనువారికి మనమును అట్లే సమాధాన మీయవలెను.

మీలో పలువురు ఉద్యోగములకై యీ నడుమనే వచ్చి, మేడలలో కాపురముండువారు. అందు తప్పేమియు లేదు. కాని మన మేడ నిలిచిన నేలకు నిన్నటి పేరేమో తెలియకుండుట మాత్రము లోపమే. ప్రతివాడును ఒక వృద్ధుని యొద్ద కూర్చుండి, విన్నదానిని తేదీతో వ్రాసి, పఠనమందిరమున నుంచుడు. తగవు విన్నచో ఉభయపక్షముల మాటయు వ్రాయుడు. వ్యాజ్యమున ఒకరే గెలుతురు. ఊరి చరిత్రలో ఇరువురకును చోటుండవలెను.