సరిహద్దు సంతలలో మేము చూచినది

(మంగళగిరిలో చుట్టుపట్ల గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగము)



సంత అనగా మనకు క్రొత్త కాదు. మనలో అనేకులము చిన్ననాడు తండ్రి వెంట సంతకు పోయి, జీళ్లు తిని, ప్రొద్దుగ్రుంకువేళకు కూరల బుట్టతో ఇల్లు చేరినవారమే. అట్టి మనము సంత చూచుటకై ఇంత దూరము పోవుట ఎందులకని బయలుదేరునప్పుడే కొందరు మిత్రులు పరిహసించిరి. ఐనను మేము ఐదుగురము విశాఖపట్టణము చేరి, కిరండూలు పోవు రైలెక్కి, అనంతగిరి కొండలలోని సొరంగములు దాటి అరకు లోయకు చేరితిమి. గురువారమున సరిహద్దు కావల ఒడిశాలోని ఒనుకుదెల్లి సంతను, శుక్రవారమున అరకు సంతను చూచితిమి. ఆ రెండు దినములలో చూచినదానిని, చూచి సిగ్గుపడినదానిని కూడ మీకు మనవి చేయుదుము.

మొదట ఆ సీమను గూర్చి కొంత చెప్పవలెను. మన మైదానములో పది గ్రామములు తిరిగినను ఒకే భాష వినవచ్చును. అక్కడ ఒక్క సంతలోనే నాలుగైదు భాషలు వినబడుచుండును. బగతలు, కొండదొరలు, వాల్మీకులు, కోటియాలు, పోర్జాలు, గదబలు, కోదులు అందరును ఒకే చింతచెట్టు క్రింద తట్టలు దించుదురు. కోదులు మాటాడు కువి మన తెలుగునకు చుట్టము; ద్రావిడ కుటుంబములోనిదే. గదబలలో కొందరి గుతోబు, బోండాల రెమో ముండా కుటుంబమునకు చెందినవి. మనకు ఒక్క మాటయు అందదు. ఇందరును ఒకరితో నొకరు బేరమాడుకొనుటకు ఆదివాసీ ఒడియాను వాడుదురు. రూపాయల లెక్క వచ్చినప్పుడు మాత్రము తెలుగు అంకెలు వినబడును.

రాష్ట్రముల హద్దు అక్కడి జనులకు కాగితముమీది గీత వంటిది. సాలూరు ఎగువనున్న కొటియా గ్రామముల విషయమున ఆంధ్రకు, ఒడిశాకు నడుమ గల వివాదము 1968లో సుప్రీంకోర్టు మెట్లెక్కినది. 2021లో మన రాష్ట్రము అక్కడి కొన్ని గ్రామములలో పంచాయతీ ఎన్నికలు జరుపగా ఆ వివాదము మరల రగిలినది. సంతకు మాత్రము ఈ గొడవ లేదు. దగ్గర సంత ఏ రాష్ట్రమున నున్నను జనులు అక్కడికే పోవుదురు.

ఒనుకుదెల్లికి మేము ముంచింగిపుట్టు మీదుగా, జోలాపుట్టు జలాశయము ప్రక్కగా పోయితిమి. మాచ్‌ఖండ్ విద్యుత్కేంద్రము అక్కడిదే. రెండు రాష్ట్రముల ఉమ్మడి సొత్తు. 1955 నుండి విద్యుత్తు నిచ్చుచున్నది. ఈ సంతకు బోండా స్త్రీలు కొండ దిగి వత్తురు. మెడనిండ లోహపు కడియములు, రొమ్ముమీద పూసల పేటలు, నడుమునకు మూరెడు వెడల్పు గుడ్డ. ఆ గుడ్డ పేరు రింగా. కెరంగు అను నారను ఒలిచి, వడికి, చిన్న మగ్గముమీద వారే నేయుదురు. మాలో ఇరువురు మంగళగిరి మగ్గమువద్ద పెరిగినవారు. ఆ గుడ్డను చేతికి తీసుకొని అంచు త్రిప్పి చూచి, పోగు లెక్కించి, చాలసేపు మాటాడక కూర్చుండిరి. తుదకు ఒకరు, ‘ఇది మనకన్న కష్టమైన నేత’ అనిరి. మన నూలు మిల్లునుండి వచ్చును. వారి నూలు అడవినుండి వచ్చును. గదబ స్త్రీలును పూర్వము ఇట్టి చారల నారబట్టయే కట్టెడివారని 1909లో అచ్చయిన థర్‌స్టన్ దొర గ్రంథమున నున్నది. అరకు సంతలో మేము వెదకితిమి గాని, మాకు సూరత్ చీరలే కనబడినవి.

ఇచ్చట ఒక మాట. మేము పోయినవేళకు అక్కడ రెండు మూడు కార్లు ఆగియుండెను. దిగినవారు సరకు చూచుట లేదు. ఆ స్త్రీల ముఖములకెదురుగా ఫోనులు చాచుచుండిరి. ఒక వృద్ధురాలు తట్టను అడ్డము పెట్టుకొని ముఖము త్రిప్పుకొనెను. మా చేతులలోను ఫోనులుండెను. వానిని సంచిలో వేసితిమి. మన యింటి ఆడువారు కూరలమ్ముచుండగా పరాయివారు వచ్చి ఇట్లు చేసిన మనము ఊరకుందుమా?

శుక్రవారము తెల్లవారకముందే అరకు సంతకు బయలుదేరితిమి. కొండదారుల వెంట బారులు తీరి జనులు దిగుచుండిరి. మగవారి భుజములమీద కావడులు, ఆడువారి నెత్తిన గంపలు. చింతపండు, అడ్డాకులు, కొండచీపుళ్లు, రాజ్‌మా, పిప్పళ్లు, పసుపు, అల్లము, మిరియములు, సామలు, చోళ్లు, వలిసెలు. కాళ్లు కట్టిన కోళ్లు. సొరకాయ బుర్రలలో జీలుగు కల్లు. మైదానమునుండి పోయిన సరకు ఉప్పు, ఉల్లి, ఎండుచేప, అల్యూమినియపు గిన్నెలు, బట్టలు, బెల్లము. ఎండుమిరప రాశి ప్రక్కన కూర్చున్న వర్తకుని ‘ఎక్కడి కాయ బాబూ?’ అని అడిగితిమి. ‘గుంటూరు కాయండి, ఇంకెక్కడిది!’ అనెను. మా వారికి కొంత గర్వము కలిగినది. ఆ గర్వము ఎంతోసేపు నిలువలేదు.

సంత బయలుకు అరమైలు దూరముననే దారి మలుపులవద్ద కొందరు సంచులతో నిలిచియుండిరి. కొండ దిగి వచ్చు స్త్రీ కనబడగనే ఎదురేగి, నెత్తిమీది గంపను తామే దించి, ‘నాకే, నాకే’ యనుచు చేతిలో కొంత పైకము పెట్టి సరకు తీసుకొనుచుండిరి. నాలుగు గంటలు నడచి వచ్చిన మనిషికి గంప దిగుటయే సుఖము. సంతలో ధర ఎంత యున్నదో ఆమెకు తెలియకముందే బేరము ముగియును. సంతలోనికి పోయిన సరకునకు వేరొక చిక్కు కలదు. మన దేశమున మెట్రిక్ తూనికల చట్టము 1956లో వచ్చినది. ఐనను అక్కడ గింజధాన్యము ఇప్పటికిని మానికలతో, కుంచములతో, అడ్డలతో కొలువబడుట చూచితిమి. కొలత తప్పని మేమనము; కొలిచెడి చేయియే తప్పు. రాజ్‌మా కొనునప్పుడు వర్తకుడు కొలపాత్రపై గోపురము లేచి ప్రక్కలకు జారువరకు పోయును. ఉప్పు అమ్మునప్పుడు అదే పాత్రను అరచేతితో చదునుగా కోయును. పాత్ర ఒకటే, న్యాయములు రెండు.

ఇతరులను తప్పుపట్టిన మేమేమి చేసితిమో కూడ చెప్పవలెను. మాలో ఒకరు కొండచీపుళ్ల కట్టకు 60 రూపాయలు చెప్పగా, అలవాటు చొప్పున బేరమాడి 40కి తెచ్చిరి. ఆ యమ్మ ఏమియు అనక కట్టలిచ్చెను. ప్రక్కనున్న యువకునిచేత అడిగించగా తెలిసినదేమనగా, ఆ పుల్లలు కోయుట, ఎండబెట్టుట, కట్టుట, మోసికొని వచ్చుట కలిపి ఆమెకు మూడు దినముల పని. తరువాత మిగిలిన 20 రూపాయలు ఇవ్వబోగా ఆమె తీసుకొనలేదు. బేరము ముగిసినదనెను. ఆ చీపుళ్లు మా యింట నున్నవి.

ఈ అన్యాయమును ప్రభుత్వము ఎరుగక పోలేదు. 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడినది అందుకొరకే. అడవి సరకును నిర్ణీతమైన ధరకు కొని, ఉప్పు పప్పులను డిపోలలో అమ్ముటకు. కాటా యున్నచోట ఆ సంస్థ ఉనికి దళారిని కొంత అదుపులో నుంచుచున్నది. కొనువారు రానిచోట దళారి మాటయే ధర. కాఫీ విషయమున మార్పు కన్నులకు కట్టినది. అరకు లోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. తోటలున్న కుటుంబములవారు ధర అడిగి తెలిసికొని మరీ అమ్ముచుండిరి.

అరకు సంతలో ఒక పంచాయతీ వార్డు సభ్యురాలు మాతో చాలసేపు మాటాడినది. ముప్పది యేండ్లు కూడ ఉండవు. షెడ్యూలు ప్రాంతములకు పంచాయతీలను విస్తరించు 1996 నాటి చట్టము, దానినే ‘పెసా’ అందురు, ఆమెకు కంఠస్థము. గ్రామసంతను, దాని పేరు ఏదైనను, నిర్వహించు అధికారము గ్రామసభకును, పంచాయతీకిని ఉండవలెనని ఆ చట్టము చెప్పుచున్నది. వడ్డీ వ్యాపారమును అదుపుచేయు అధికారమును, చిల్లర అటవీ ఫలసాయముపై యాజమాన్యమును అందులోనే కలవు. మన రాష్ట్రమున దానికి నియమములు 2011లో వచ్చినవి. ‘చట్టం మా చేతిలో ఉంది బాబూ, కాటా మాత్రం వాళ్ల చేతిలో ఉంది’ అని ఆమె నవ్వెను. తమ గ్రామసభలో ఆమె కోరినవి రెండే: సంత ద్వారమువద్ద పంచాయతీ సొంత కాటా ఒకటి, ఆనాటి ధరలు వ్రాసిన నల్లబల్ల ఒకటి. చదువురాని వారికొరకు ధరలను ఉదయమే దండోరా వేయించవలెనని మూడవది తరువాత చేర్చిరట.

అంతవరకు మేము అడుగుచుండగా ఆమె చెప్పెను. పిమ్మట ఆమె అడిగెను: ‘మీ ఊరి సంత ఎవరిది? ఆశీలు ఎవరు వసూలు చేస్తారు? ఎంత?’ మేము ఒకరి ముఖము ఒకరు చూచుకొంటిమి. వేలము పాడినవాడు వసూలుచేయునని చెప్పితిమి. ఎంతకు పాడెను, గంపకు ఎంత, బండికి ఎంత అని అడిగినప్పుడు మాకు తెలియలేదు. పెసా చట్టము మన మైదానమునకు వర్తింపదు. కాని 1994 పంచాయతీరాజ్ చట్టము మనకు సంతలు ఏర్పరచుటకు, రుసుములు విధించుటకు అధికారమిచ్చియున్నది. పత్తి, మిర్చి కాటా వేయునప్పుడు ‘తరుగు’ అనుమాట వినగానే మనకు ఎంత కోపము వచ్చునో అందరెరుగుదురు. మన ఊరి సంతలో ఆకుకూరలమ్ము ముసలమ్మ ఇచ్చు ఆశీలు న్యాయమైనదో కాదో మనము ఒక్కనాడైనను అడిగియుండలేదు.

తిరిగి వచ్చిన మరునాడే మేము పంచాయతీ కార్యాలయమునకు పోయి, సంత వేలపు కాగితములు, రుసుముల పట్టిక చూపుమని కోరితిమి. వేలపు కాగితములు దొరకినవి. రుసుముల పట్టిక సంతలో ఎక్కడను కట్టియుండలేదు. తూనికలు కొలతల శాఖవారి ముద్ర ఎన్ని రాళ్లమీద నున్నదో ఎవరును చూచియుండలేదు. మీలో ఎవరికి వీలున్నను వచ్చు సంతనాడు ఉదయము ఆరు గంటలకు మాతో రండు. కాగితము, కలము మేము తెచ్చెదము. ముద్రవేసిన కిలో రాయి ఒకటి మీరు తెండు.