జబ్బు పుట్టే చోట పనిచేసే పిల్లలు కావాలి

(వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేదిక మీద ఏటా స్కాలర్‌షిప్‌ల మాట వస్తుంది. ఫలానా అబ్బాయికి మెడిసిన్‌లో సీటు వచ్చింది, ఫలానా అమ్మాయి ఇంజినీరింగ్ పూర్తిచేసింది అని విని అందరం సంతోషిస్తాం. ఈ రోజు మేము ఇంకో చదువు గురించి, ఇంకో రకం ఉద్యోగం గురించి చెప్పడానికి నిలబడ్డాం. దాని పేరు పర్యావరణ ప్రజారోగ్యం. పేరు కాస్త బరువుగా ఉన్నా పని అర్థం చేసుకోవడం తేలికే.

రోగి ఎదురుగా కూర్చుంటే డాక్టరు "నీకేమైంది?" అని అడుగుతారు. ఈ రంగంలో ఉన్న మనిషి "ఒకే వీధిలో ఇంతమందికి ఒకే జబ్బు ఎందుకొచ్చింది?" అని అడుగుతారు. తాగే నీరు, పీల్చే గాలి, తినే తిండి, పనిచేసే చోటు, వీటిలో జబ్బుకు కారణం ఎక్కడుందో వెతికి పట్టుకోవడం, దాన్ని అక్కడే ఆపించడం వారి పని. ఆసుపత్రి మంచానికి, డయాలసిస్‌కి, మందులకి మనం ఇచ్చే డబ్బు ఎంతో పుణ్యకార్యం. కానీ ఆ మంచం మీదికి మనిషి రాకుండా చూసేవారిని తయారు చేయడానికి మనం ఇచ్చేది ఎంత? ఈ ప్రశ్న మీ ముందు పెట్టడానికే వచ్చాం.

దానం చేసేవారంతా తెలుసుకోవలసిన ఒక సంగతి పొరుగు దేశం బంగ్లాదేశ్‌లో జరిగింది. అక్కడ చెరువుల నీరు తాగి పసిపిల్లలు విరేచనాలతో చనిపోతుంటే, 1970ల నుంచి ప్రభుత్వం, యునిసెఫ్ కలిసి ఊరూరా గొట్టపు బావులు వేయించాయి. తర్వాత ప్రజలు సొంత ఖర్చుతో లక్షల కొద్దీ వేసుకున్నారు. ఉద్దేశం మంచిది. పైకి వచ్చిన నీరు కూడా తేటగా, రుచిగానే ఉంది. అయితే ఆ నేల పొరల్లో సహజంగానే ఆర్సెనిక్ అనే విషం ఉంది. ఆ నీటిలో దాని కోసం ఎవరూ పరీక్షించలేదు. 1993లో అక్కడి బావుల్లో ఆర్సెనిక్ ఉన్నట్టు అధికారికంగా తేలింది. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వచ్చిన అంచనా ప్రకారం ముప్పు అంచున ఉన్నవారు 3.5 కోట్ల నుంచి 7.7 కోట్ల మంది.

దీన్ని బయటపెట్టిన వాళ్లెవరో చూడండి. సరిహద్దుకు ఇవతల, కలకత్తాలో, కె.సి. సాహా అనే చర్మవైద్యుడు 1980ల మొదట్లో పశ్చిమ బెంగాల్ పల్లె రోగుల చర్మం మీద మచ్చలు చూసి, మందు రాసి పంపేయకుండా వాళ్లు తాగే నీటి గురించి ఆరా తీశారు. జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయంలో దీపాంకర్ చక్రవర్తి అనే రసాయన శాస్త్రవేత్త ఏళ్ల తరబడి ఊళ్లు తిరిగి నీటి నమూనాలు పరీక్షించారు. బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ పల్లెటూరి మహిళలకే శిక్షణ ఇచ్చి, చేతికి కిట్లు ఇచ్చి బావుల దగ్గరికి పంపింది. తర్వాత దేశవ్యాప్తంగా సుమారు 50 లక్షల బావులను పరీక్షించి, తాగదగ్గ బావికి ఆకుపచ్చ రంగు, తాగకూడని బావికి ఎర్ర రంగు వేశారు. ఒక డాక్టరు, ఒక కెమిస్టు, పెద్ద చదువులు లేని పల్లె ఆడవాళ్లు. ఈ ముగ్గురు చేసిందీ పర్యావరణ ప్రజారోగ్యమే.

ఇప్పుడు మన గడ్డ మీదికి వద్దాం. ఫ్లోరైడ్ నీటి వల్ల వచ్చే ఎముకల జబ్బు గురించి 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లా నుంచి వైద్యులు రాశారు. 1955లో ఎ.హెచ్. సిద్దీఖీ అనే వైద్యుడు నల్లగొండ జిల్లాలోని ఫ్లోరోసిస్ గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం ప్రచురించారు. 1970లలో నీరి సంస్థ పటిక, సున్నంతో నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతి రూపొందించింది. దానికి ప్రపంచమంతటా ఈనాటికీ 'నల్లగొండ టెక్నిక్' అనే పేరు. మిషన్ భగీరథ మొదలైంది మాత్రం 2016లో. సిద్దీఖీ వ్యాసానికీ దీనికీ మధ్య 61 ఏళ్లు గడిచాయి. ఈలోపు ఎందరు పిల్లల కాళ్లు వంకర తిరిగాయో నల్లగొండ పల్లెల్లో ఎవరిని అడిగినా చెబుతారు. కారణం తెలిసిన రోజుకీ కుళాయి తిరిగిన రోజుకీ మధ్య దూరం తగ్గించాలంటే ఊరిలో, ఆఫీసులో, ల్యాబులో ఆ పని పట్టుకుని కూర్చునే మనుషులు కావాలి.

ఇవి పాత సంగతులని అనుకోకండి. 2020 డిసెంబరులో ఏలూరులో వందలాది మంది ఉన్నట్టుండి ఫిట్స్ వచ్చి, కళ్లు తిరిగి పడిపోయారు. ఎయిమ్స్ పరీక్షల్లో బాధితుల రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ పరిశీలనలో పురుగుమందుల అవశేషాలు బయటపడ్డాయి. ఆ వారం రోజులూ దేశం నలుమూలల నుంచి నిపుణులు రావలసి వచ్చింది. శ్రీకాకుళం ఉద్దానంలో కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వంటి మండలాల్లో కిడ్నీ జబ్బు ఇంటింటినీ పట్టి పీడిస్తోంది. పలాసలో ఆసుపత్రి, పరిశోధన కేంద్రం వచ్చాయి, దూరం నుంచి మంచినీళ్లు తెచ్చారు. జబ్బుకు అసలు కారణం ఇదీ అని మాత్రం నిర్ధారణ కాలేదు. పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి వదిలే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయోటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ప్రచురించారు. ఆ మందు మింగిన రోగి రక్తంలో ఉండేదానికంటే అది ఎక్కువ. మన పెరటి నీటిని కొలవడానికి స్వీడన్ నుంచి రావాలా? మన పిల్లలు కొలవలేరా?

కొలవగలరు. అందుకు దారులు ఉన్నాయి. తల్లిదండ్రులు "బేటా, ఇదేం ఉద్యోగం?" అని అడుగుతారు కాబట్టి వివరంగా చెబుతాం.

ఇంటర్ దగ్గరే ఆగిపోయే పిల్లలకు శానిటరీ ఇన్‌స్పెక్టర్ కోర్సు, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు ఉన్నాయి. మున్సిపాలిటీలో, ఆసుపత్రిలో, నీటి పరీక్షా కేంద్రంలో వీళ్లు లేకపోతే పని నడవదు. సైన్స్ డిగ్రీ చేసినవారు నీటి ల్యాబుల్లో, ఆహార పరీక్షా కేంద్రాల్లో చేరవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో సచివాలయాలు వచ్చినప్పుడు పట్టణ వార్డులకు పారిశుద్ధ్య, పర్యావరణ కార్యదర్శులను పెట్టారు. కెమిస్ట్రీ, బయోటెక్నాలజీ, ఫుడ్ టెక్నాలజీ చదివినవారికి ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ పోస్టులు ఉంటాయి. సివిల్, కెమికల్, ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరింగ్ చేసినవారు కాలుష్య నియంత్రణ మండలిలో ఇంజినీర్లు కావచ్చు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ వాళ్లు అక్కడే అనలిస్టులు కావచ్చు. పెద్ద కర్మాగారాల్లో సేఫ్టీ ఆఫీసరును పెట్టడం చట్టప్రకారం తప్పనిసరి.

ఇంకా పైకి వెళ్లాలనుకునేవారికి ఎం.పి.హెచ్. అనే ప్రజారోగ్య పీజీ ఉంది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలోనూ, అదే నగరంలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్‌లోనూ చదవవచ్చు. దీనికి ఎంబీబీఎస్సే ఉండాలని లేదు. నర్సింగ్, ఫార్మసీ, డెంటల్, సైన్స్ చదివినవారూ వస్తారు. ఎంబీబీఎస్ అయినవారు కమ్యూనిటీ మెడిసిన్‌లో ఎం.డి. చేయవచ్చు. మూడు నెలల ఎ.ఎఫ్.ఐ.హెచ్. కోర్సు చేస్తే ఫ్యాక్టరీ వైద్యులుగా పనిచేయవచ్చు. పరిశోధన ఇష్టమైనవారికి మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, అహ్మదాబాద్‌లోని వృత్తి ఆరోగ్య సంస్థ, భోపాల్‌లోని పర్యావరణ ఆరోగ్య పరిశోధన సంస్థ ఉన్నాయి. భోపాల్ సంస్థ ఆ ఊళ్లోనే ఎందుకుందో 1984 డిసెంబరు రాత్రిని ఎరిగినవారికి చెప్పనక్కర్లేదు.

కష్టాలు కూడా చెప్పాలి. ఈ ఉద్యోగాల్లో చాలావరకు కాంట్రాక్టువి. మొదట్లో జీతం సాఫ్ట్‌వేర్ జీతంతో పోల్చలేం. నోటిఫికేషన్లు ఏళ్ల తరబడి రాని సందర్భాలుంటాయి. నిజమైన అంకె రాసినందుకు ఒత్తిళ్లు వస్తాయి. అందుకే తెలివైన పేద పిల్లవాడు ఈ దారిలో అడుగుపెట్టడానికి భయపడతాడు. ఇంట్లో అప్పు ఉన్నవాడు ఎక్కువ జీతం వచ్చే దారే చూసుకుంటాడు. దాత చేయూత అవసరమయ్యేది సరిగ్గా ఇక్కడే.

ఇలాంటి చేయూత ఏం చేయగలదో హైదరాబాద్‌కు తెలుసు. 1896లో నిజాం సర్కారు మీర్ అహ్మద్ అలీ అనే విద్యార్థికి స్కాలర్‌షిప్ ఇచ్చి ఇంగ్లండుకు ఇంజినీరింగ్ చదవడానికి పంపింది. ఆయనే తర్వాత నవాబ్ అలీ నవాజ్ జంగ్. 1908 మూసీ వరద, 1911 ప్లేగు తర్వాత నగరం తన నీటినీ, మురుగునూ, ఇరుకు బస్తీలనూ సరిదిద్దుకోవలసి వచ్చింది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్, నిజాంసాగర్ పేరెత్తితే ఆయన పేరు వస్తుంది. తెలంగాణలో ఆయన పుట్టిన జూలై 11ను ఇంజినీర్ల దినంగా జరుపుకుంటున్నాం. ఒక్క స్కాలర్‌షిప్ ఎన్ని తరాల దాహం తీర్చిందో లెక్క వేయండి.

ఇక నాయకత్వం గురించి. ఈ రంగంలో నాయకుడంటే కుర్చీ ఉన్నవాడే కానక్కర్లేదు. మాకు తెలిసినంతలో నాలుగు గుణాలు కావాలి. మొదటిది, లెక్క రాయడం. ఏ వీధి, ఏ బావి, ఎంతమంది, ఏ తేదీ అని రాసిపెట్టనిదే ఏ వాదనా నిలవదు. రెండోది, తెలిసినది ఎంతో అంతే చెప్పడం. ఉద్దానంలో కారణం ఇదేనని తొందరపడి ప్రకటించినవాడు ప్రజలకు మేలు చేయడు. మూడోది, ల్యాబు రిపోర్టును వీధి భాషలో చెప్పగలగడం. ఫ్లోరైడ్ నీటిని మరిగిస్తే బాగుపడదు, నీరు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుందని ఒక అమ్మకు అర్థమయ్యేలా చెప్పగలగాలి. నాలుగోది, అక్కడే నిలబడటం. పటాన్‌చెరులో డాక్టర్ అల్లాని కిషన్‌రావు తన రోగుల జబ్బులకూ చుట్టుపక్కల చెరువుల్లో కలిసే రసాయనాలకూ ఉన్న సంబంధాన్ని పట్టుకుని, కోర్టుల దాకా వెళ్లి దశాబ్దాల పాటు నిలబడ్డారు.

మన ఆడపిల్లల గురించి ప్రత్యేకంగా ఒక మాట. నీటి సంగతి, పొయ్యి పొగ సంగతి, పిల్లల విరేచనాల సంగతి ఇంట్లో తెలిసేది ఆడవాళ్లకే. సర్వేకు వచ్చిన మగవాడిని గుమ్మం దగ్గరే ఆపే ఇళ్లలోకి మన అమ్మాయి వంటగది దాకా వెళ్లగలదు. చెన్నైలోని శ్రీరామచంద్ర సంస్థలో డాక్టర్ కల్పనా బాలకృష్ణన్ వంటింటి పొగ మీద చేసిన పరిశోధనలను ప్రపంచ ఆరోగ్య సంస్థ వరకు గౌరవిస్తుంది. జల్ జీవన్ మిషన్‌లో ఊరికి అయిదుగురు మహిళలకు నీటి పరీక్షలో శిక్షణ ఇవ్వాలని పెట్టింది కూడా ఇందుకే.

దాతలకు మా విన్నపాలు నాలుగు. జకాత్‌లో ఏది దేనికి చెల్లుతుందో ఉలమా పెద్దలు చెబుతారు. మేము చెప్పేది అవసరం గురించి మాత్రమే.

ఒకటి, సంఘం ఇచ్చే స్కాలర్‌షిప్‌లలో ఏటా కొన్నింటిని ఈ చదువులకే కేటాయించండి. ఫీజుతో పాటు హాస్టల్ ఖర్చు, పోటీ పరీక్షల కోచింగ్ ఖర్చు కూడా కలపండి. రెండు, చదువు పూర్తయ్యాక మొదటి సంవత్సరం ల్యాబులోనో, క్షేత్రంలోనో అనుభవం సంపాదించేవారికి నెలవారీ భత్యం ఇవ్వండి. చాలామంది వెనక్కి తిరిగిపోయేది ఆ సంవత్సరంలోనే. మూడు, మీ తల్లిదండ్రుల పేరున సదఖా జారియాగా బోరు వేయిస్తున్నారా? నీరు పడగానే ప్రారంభోత్సవం పెట్టకండి. ముందు ఫ్లోరైడ్, నైట్రేట్, క్రిములకు పరీక్ష చేయించండి. ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఉండటం మంచిది, ఒకటిన్నర దాటితే తాగడానికి పనికిరాదు. ఆ రిపోర్టును బోరు పక్కనే బోర్డు మీద రాయించండి. పరీక్ష ఖర్చు బోరు ఖర్చులో చాలా చిన్న భాగం. నాలుగు, ఆ పరీక్షను మన స్కాలర్‌షిప్ విద్యార్థుల చేతనే చేయించండి. వాళ్లకు పని వస్తుంది, ఊరికి భరోసా వస్తుంది, మీ దానం ఏ నీరు ఇస్తోందో మీకూ తెలుస్తుంది.

వచ్చే ఏడాది ఈ సంచికలో డాక్టర్ల, ఇంజినీర్ల ఫోటోల పక్కన ఒక నీటి అనలిస్టు, ఒక శానిటరీ ఇన్‌స్పెక్టర్, ఒక ఎం.పి.హెచ్. అమ్మాయి ఫోటోలు కూడా ఉండాలని కోరుకుంటున్నాం. దరఖాస్తుల పరిశీలన రంజాన్ తర్వాత మొదలవుతుంది. మీ వీధిలో అలాంటి పిల్లలు ఉంటే ఈలోపే సంఘం కార్యాలయానికి పంపండి.