నీళ్లలో దిగే దీపానికి ఏ అద్దం పెట్టాలి?

(విశ్రాంత ఉద్యోగుల సంఘం వేంపల్లె సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన ప్రాంతంలో ఈతగాళ్లకు సముద్రంతో పని లేదు. బావులతోనే పని. ఫుట్‌వాల్వు ఊడిందన్నా, మోటరు జారిందన్నా, అంతకంటే చెప్పరాని కష్టం ఏదైనా జరిగిందన్నా ముందు పరుగెత్తేది గజఈతగాళ్లే. వాన పడిన ఏడు పాపాఘ్ని మడుగులకూ వాళ్లే దిక్కు. లోపల చీకటి. చేతులతో తడుముకుంటూ వెతుకుతారు. ఊపిరి బిగపట్టగలిగేది ఒక నిమిషం, బాగా అలవాటున్నవాడైతే మరి కొంచెం. ఆ నిమిషంలో సగం తడుములాటకే పోతుంది. అందుకని పి.వి.సి. పైపు ముక్కలో బ్యాటరీ, ఎల్‌.ఇ.డి. పెట్టి దీపం చేసుకుందామని ఈ పిల్లలు అనుకున్నారు. మంచి ఆలోచన. ముందు భాగంలో ఏ అద్దం బిగించాలన్న దగ్గర ఆగిపోయారు. విద్యుత్తు పనిలో ఉన్నవాణ్ని కాబట్టి నన్ను అడిగారు.

ముందు నీటి బరువు సంగతి. పది మీటర్ల లోతున ప్రతి చదరపు సెంటీమీటరు మీదా సుమారు ఒక కిలో బరువు అదనంగా పడుతుంది. 6 సెంటీమీటర్ల అడ్డుకొలత ఉన్న అద్దం వైశాల్యం 28 చదరపు సెంటీమీటర్లు. అంటే పది మీటర్ల లోతున ఆ చిన్న అద్దం మీద 28 కిలోలు. ఒక బియ్యం సంచిని ఎత్తి దాని మీద పెట్టినట్టు. పదిహేను మీటర్లయితే 42 కిలోలు. అద్దం మందం రెట్టింపు చేస్తే దాని బలం రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. అలాగే అద్దం వెడల్పు రెట్టింపు చేస్తే అదే లోతులో దాని మీది బాధ నాలుగు రెట్లు. కాబట్టి పెద్ద దీపం మీద మోజు వద్దు. చిన్న మూతి, మందపు అద్దం, అంతే.

ఇక దేనితో చేయాలి? అందరికీ ముందు తోచేది గాజు. గీత పడదు, ఎండకు పచ్చబడదు, వేడికి కరగదు. అన్నీ నిజమే. కానీ గాజు స్వభావం మన నాపబండ స్వభావం లాంటిది. ఎర్రగుంట్ల బండ పరిచేటప్పుడు మీరంతా చూసే ఉంటారు. కింద ఇసుక సమంగా ఉంటే ఎంత బరువైనా మోస్తుంది. ఒక్క గులకరాయి ఉండిపోతే మనిషి నడిచినా చీలుతుంది. అంచున చిన్న పెచ్చు లేచి ఉంటే చీలిక అక్కడి నుంచే మొదలవుతుంది. దీపం మూతిలో గాజు కూడా అంతే. కింద రబ్బరు రింగు సమంగా కూర్చోవాలి, ఇసుక రేణువు ఉండకూడదు, అంచును ఎమెరీ కాగితంతో నున్నగా రుద్దాలి.

వేడి ఇంకొక సంగతి. లాంతరు చిమ్నీ మీద చన్నీటి చుక్క పడితే టప్పుమని పగలడం మన ఈడు వాళ్లకు గుర్తుంటుంది. పాత కారు హాలోజన్‌ బల్బుతో దీపం చేస్తే అద్దానికీ అదే గతి. దానికి మామూలు కిటికీ గాజు పనికిరాదు. ప్రయోగశాల బీకర్లకు వాడే బోరోసిలికేట్‌ గాజు కావాలి. అది వేడికి మామూలు గాజులో మూడో వంతు మాత్రమే వ్యాకోచిస్తుంది. టఫెన్డ్‌ గాజు కూడా గట్టిదే. అయితే దాన్ని తర్వాత కోయడానికి వీల్లేదు. ముందు కొలతకు కోసి ఆ పైన కొలిమిలో పెట్టాలి. పాత కారు పక్క అద్దం తెచ్చి గుండ్రంగా కోద్దామంటే మొత్తం మరమరాల్లాగా రాలిపోతుంది.

ఎల్‌.ఇ.డి. వచ్చాక ముందు అద్దానికి అంత వేడి తగలదు. దాని వేడి వెనక్కి పోతుంది, అక్కడ అల్యూమినియం దిమ్మె పెడితే చాలు. కాబట్టి ప్లాస్టిక్కులకు దారి తెరుచుకుంది. అవి రెండు, అక్రిలిక్‌, పాలికార్బనేట్‌. అక్రిలిక్‌ను తక్కువగా చూడకండి. 1960 జనవరి 23న పసిఫిక్‌ సముద్రంలో దాదాపు పదకొండు కిలోమీటర్ల లోతుకు దిగిన ట్రియెస్తే నౌకలో జాక్‌ పికార్డ్‌, డాన్‌ వాల్ష్‌ బయటికి చూసిన కిటికీ అక్రిలిక్‌ దిమ్మెదే. అయితే అది శంకువు ఆకారంలో ఎంతో మందంగా పోసినది లెండి. మన బావికి 6 మిల్లీమీటర్ల ముక్క, మూతి రంధ్రం 5 సెంటీమీటర్లు, అది చాలా ఎక్కువే. అక్రిలిక్‌ నుంచి వెలుతురు నూటికి 92 పాళ్లు దాటుతుంది. గీతలు పడితే పళ్ల పేస్టుతో రుద్ది తీసేయవచ్చు. దాని లోపం పెళుసుతనం. బావి వరుస రాతికి గట్టిగా తగిలితే బీటు వారుతుంది.

పాలికార్బనేట్‌ను సుత్తితో కొట్టినా సామాన్యంగా పగలదు. ఇప్పటి కార్ల హెడ్‌లైటు మూతలు దానివే. గోటితో గీసినంత పనికే గీత పడుతుందని దాని మీద ఫిర్యాదు. ఒడ్డున అది నిజం. నీళ్లలో మాత్రం పైగీతల్లో నీరు నిండుతుంది. నీటి వక్రీభవన సంఖ్య 1.33, దీనిది సుమారు 1.58. గాలికీ ప్లాస్టిక్కుకూ ఉన్నంత తేడా నీటికి లేదు కనుక గీతలు చాలావరకు మాయమైనట్టే ఉంటాయి. ఒడ్డున మసకబారి కనిపించిన అద్దం లోపల బాగానే వెలుగిస్తుంది.

నా ఓటు పాలికార్బనేట్‌కే. కారణం వెలుతురు లెక్క కాదు. గాజు లోపల పగిలితే ఆ పెంకులు బావి అడుగున ఉండిపోతాయి. దిగేవాడు వట్టి కాళ్లతో దిగుతాడు. ఆ నీళ్లే రేపు తాగేది.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది, గమనించండి. పి.వి.సి. పైపు అతికించే జిగురు ఈ రెండు ప్లాస్టిక్కులకూ విషం. దాని ఆవిరి తగిలినా సన్నని పగుళ్లు వల వల్లినట్టు లేస్తాయి. పైపు పని అంతా ముందు ముగించి, ఒక రోజు బాగా ఆరనిచ్చి, ఆ తర్వాతే అద్దం పెట్టాలి. పెట్రోలు, థిన్నరుతో తుడవకూడదు, సబ్బునీళ్లు చాలు. అద్దానికి రంధ్రాలు వేసి బోల్టులు బిగించకండి. పై నుంచి ఒక కడియంతో నొక్కి పట్టించండి.

ఆకారం గురించి ఒక మాట. టార్చిలో ఉబ్బెత్తు కటకం ఉంటుంది కదా అని దాన్నే పెట్టాలని ఒకరు అడిగారు. ఉబ్బు బయటికి ఉంటే నీళ్లలో ఆ ముఖం శక్తి మూడింట ఒక వంతుకు కాస్త పైన మాత్రమే మిగులుతుంది. వెలుతురును కూర్చాలంటే ఉబ్బు లోపలికి, చదును బయటికి ఉండాలి. అసలు చదును అద్దమే మేలు. నీళ్లలోకి పోయేటప్పుడు కాంతి దానంతటదే కొంత ముడుచుకుంటుంది. ఒడ్డున 40 డిగ్రీలు విచ్చుకున్న వెలుగు లోపల 30 డిగ్రీలకు తగ్గుతుంది. బురద నీళ్లలో అదే మంచిది. దీపాన్ని కళ్ల పక్కన కాకుండా చేయి చాచి దూరంగా పట్టుకోవాలి. పొగమంచులో బస్సు హెడ్‌లైటు వేస్తే తెల్లగోడ కనిపించినట్టు ఒండ్రు ఎదురు కొడుతుంది.

చేసిన తర్వాత పరీక్ష. బ్యాటరీ తీసేసి లోపల పొడి కాగితం పెట్టండి. మొదట బకెట్లో ముంచండి. లోతుకు పోయేకొద్దీ నీటి బరువే అద్దాన్ని రింగుకు అదుముతుంది, కారేది తరచుగా పైపైనే. తర్వాత రాయి కట్టి బావి అడుగుకు దించి గంట ఉంచండి. కాగితం పొడిగా వస్తేనే బ్యాటరీ. ఆ బ్యాటరీల సంగతి ఇంకో రోజు చెప్పుకుందాం, అది పెద్ద కథ.

ఇంట్లో కరెంటు తీగను పొడిగించి బల్బు దించే అలవాటు ఇంకా కొన్ని చోట్ల ఉంది. 230 వోల్టులు నీళ్లలోకి పోకూడదు. మోటరు ఉన్న బావికి దిగేముందు స్టార్టరు ఆపితే చాలదు, ఫ్యూజు కారియర్లు తీసి దిగేవాడి మనిషి చేతిలో పెట్టాలి.

మరొకటి. మన పెద్దలు పాడుపడిన బావిలోకి దిగే ముందు వెలిగించిన లాంతరు తాడుకు కట్టి దించేవారు. అది ఆరిపోతే ఎవరూ దిగేవారు కాదు. ప్రాణవాయువు లేదని దానికి తెలిసేది. మనం చేస్తున్న ఈ దీపం గాలి లేకపోయినా వెలుగుతూనే ఉంటుంది. అందుకని లాంతరు కూడా తీసుకుపోండి. అది ఆరిపోతే కొత్త దీపం ఎంత బాగా వెలుగుతున్నా దిగవద్దు. మండే వాయువు ఊరే చోట, పెట్రోలు, డీజిలు వాసన ఉన్న చోట మాత్రం లాంతరు దించకండి, అక్కడ అగ్నిమాపక శాఖను పిలవడమే పద్ధతి.

గాజు, అక్రిలిక్‌, పాలికార్బనేట్‌ ముక్కలు ఒక్కొక్కటి తెచ్చి బల్ల మీద పెట్టాను. కుర్రవాళ్లు వచ్చి చేతిలో పట్టుకుని చూడండి. గాజు ముక్క అంచులు జాగ్రత్త, ఇంకా రుద్దలేదు.