సముద్రము దాటకముందు అపరిచితుని ఎదుట మన సాక్ష్యము

(విదేశ సువార్త సేవకు శిక్షణ పొందుచున్న యౌవనస్థుల కూడికలో, అంబాజీపేటయందు చేసిన ప్రసంగము)



మన అధ్యక్ష మండలము శతవార్షికోత్సవము జరుపుకొనుచున్న ఈ తరుణమున పితరుల సేవను తలంచి దేవుని స్తుతించుట మన విధి. దానితోపాటు ఒక ప్రశ్న కూడ మనము వేసికొనవలెను. సువార్త మనయొద్దకు అపరిచితుల చేతనే వచ్చినది. నేడు మన బిడ్డలు అపరిచితులుగా పరదేశములకు బయలుదేరుచున్నారు. శిక్షణలో భాగముగా వీరు బస్సులలోను, సంతలలోను, ఆసుపత్రి వరండాలలోను ముక్కు మొగము తెలియని వారితో విశ్వాసమును గూర్చి మాటలాడవలసియున్నది. అప్పుడు ఆ ఎదుటివాడు వీరికి ఎవరు? అభ్యాసమునకు దొరికిన సానరాయియా? లేక దేవుని స్వరూపమందు చేయబడిన మనుష్యుడా? నేటి మన విషయమంతయు ఈ ప్రశ్నలోనే యున్నది.

అపొస్తలుల కార్యములు ఎనిమిదవ అధ్యాయములో ఫిలిప్పు ఐతియొపీయుని కలిసికొన్న విధము చూడుడి. అతడు రథము ఆపి ఉపన్యాసము మొదలుపెట్టలేదు. మొదట పరుగెత్తి ప్రక్కకు చేరెను. తరువాత ఆయన చదువుచున్నది వినెను. ఆ మీదట ఒక ప్రశ్న అడిగెను. రథమెక్కి కూర్చుండుమని ఆ ప్రయాణికుడే వేడుకొనిన తరువాత ఎక్కెను. అతడు చదువుచున్న లేఖనము నుండియే మాట ప్రారంభించెను. నడక, వినికిడి, ప్రశ్న, ఆహ్వానము, ఆ తరువాత సాక్ష్యము. ఈ వరుసను తారుమారు చేయువాడు నోరు తెరచును గాని ఎదుటివాని హృదయము తెరువబడదు.

మన చరిత్రలోనుండి మూడు దృష్టాంతములు మీ ఎదుట ఉంచుచున్నాము.

మొదటిది నేర్చుకొనువారిని గూర్చినది. 1836లో ఆంటోనీ నోరిస్ గ్రోవ్స్ గారి వెంట ఇంగ్లండులోని బార్న్‌స్టేపుల్ ప్రాంతము నుండి విలియం బౌడెన్, జార్జి బీర్ అను ఇద్దరు సహోదరులు భార్యలతో మన తెలుగు దేశమునకు వచ్చిరి. ఒకరు రాతిపనివారు, మరియొకరు చెప్పులు కుట్టు వృత్తివారు. పాలకొల్లు, నరసాపురములు కేంద్రములుగా వారు ప్రారంభించిన సేవయే గోదావరి డెల్టా మిషను. 1847లో సర్ ఆర్థర్ కాటన్ గారి ఆధ్వర్యమున ధవళేశ్వరము ఆనకట్ట పని మొదలైనప్పుడు, పలు తావుల నుండి వచ్చిన కూలీల మధ్యకు ఈ సేవ వెళ్ళినది. ఇక్కడ ఒక సంగతి గమనింపుడి. ఆ దొరలకు తెలుగు అక్షరము దిద్దించినది ఎవరు? ఈ దేశపు ప్రజలే. ఎవరికి బోధింపవచ్చిరో వారి పాదములయొద్దనే మొదట విద్యార్థులై కూర్చుండిరి. తప్పు పలికి నవ్వులపాలై, మరల దిద్దుకొని, భాషతోపాటు మన ఆకలిని, మన వరదలను, మన పండుగలను నేర్చుకొనిరి. నేర్చుకొననివాడు బోధకుడు కాలేడు.

రెండవది తోడుండువానిని గూర్చినది. 1860 నవంబరు 16న మదరాసు నుండి బయలుదేరిన ట్రూరో అను ఓడ దక్షిణాఫ్రికాలోని డర్బను రేవు చేరెను. అది మొదలు 1911 వరకు ఐదేండ్ల ఒప్పందము మీద నేటాలు తోటలకు వెళ్ళిన భారతీయులు సుమారు 1,52,000 మంది. వారిలో తెలుగువారు అనేకులు. చెరకు తోటలలోను, తేయాకు తోటలలోను వెట్టివంటి చాకిరి చేయుచున్న ఆ మన ప్రజలకొరకు 1903లో తెలుగు బాప్తిస్టు సంఘములు తమ సొంత సేవకుని పంపినవి. ఆయనే రెవరెండ్ జాన్ రంగయ్య గారు. కెర్స్‌నీ అను చోట ఆ సంవత్సరమే సంఘము స్థాపింపబడెను. 1915లో మరణించువరకు ఆయన ఆ సేవలోనే యుండిరి. పరదేశములకు మిషనరీలను పంపుట దొరల సంఘములకే చెల్లునని తలంచిన దినములలో, పేదవారైన తెలుగు విశ్వాసులు కానుకలు కూర్చి సముద్రము అవతలికి సేవకుని పంపిరి. పన్నెండేండ్లు అనగా ఒక బిడ్డ బడిలో చేరి చదువు ముగించునంత కాలము. ఒక దినము కరపత్రము చేతికిచ్చి వెళ్ళిపోవుట సులభము. పన్నెండేండ్లు తోడుండుట సాక్ష్యము.

మూడవది స్నేహితుని గూర్చినది. తిరునెల్వేలి తమిళుడైన వి.యస్. అజరయ్య గారు వై.యం.సి.ఏ. ఉద్యోగము విడిచి 1909లో డోర్నకలు వచ్చిరి. తెలుగు ఆయనకు పరభాష. 1910లో ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన పాశ్చాత్య సంఘముల ఎదుట నిలువబడి, మీ త్యాగములకు మేము కృతజ్ఞులమే గాని మాకు స్నేహితులు కావలెనను భావము ధైర్యముగా తెలియజేసిరి. 1912లో ఆయనయే డోర్నకలు బిషప్పుగా అభిషేకము పొందిరి. ఆంగ్లికన్ సంఘములో మొట్టమొదటి భారతీయ బిషప్పు ఆయనే. దయ చూపువాడు పైనుండి చేయి చాపును. స్నేహితుడు ప్రక్కనే కూర్చుండును. అపరిచితుడు ఈ తేడాను క్షణములో కనిపెట్టును.

ఇక యౌవనస్థులారా, ఈ మూడు దృష్టాంతములు మన అంబాజీపేటలో ఎట్లు అన్వయించుకొందము?

కొబ్బరి మార్కెట్టుకు వెళ్ళినయెడల ధర పడిపోయి తల పట్టుకొనిన రైతు అక్కడ కనబడును. దింపు కూలీ, ఒలుపు కూలీ చెమటతో నిలువబడియుందురు. వారితో ముందు కాయ ధర, బిడ్డల చదువు, ఇంటిలోని రోగము మాటలాడుడి. ఇది ఎర వేయుట కాదు. వారి కష్టము నిజముగా మీకు పట్టినదైతేనే అడుగుడి, పట్టనియెడల అడుగకుడి. మీ నిరీక్షణకు కారణమేమని వారే అడిగిన దినమున సాత్వికముతో, తక్కువ మాటలతో చెప్పుడి. వద్దన్నచో నమస్కరించి లేచి రండి. మరుసటి వారము కనబడినప్పుడు అదే ప్రేమతో పలుకరింపుడి. వద్దన్నవానిని మరల పలుకరించుటలోనే మీ ప్రేమ నిజమో కాదో తేలును.

ఇతరుల దేవతలను దూషింపకుడి. ఏథెన్సులో పౌలు విగ్రహములను చూచి ఆత్మలో పరితపించెను గాని, మాటలాడినప్పుడు మర్యాదతోనే మాటలాడెను. బియ్యము, బట్ట, మందు చూపి విశ్వాసమును బేరమాడకుడి. 1996 నవంబరు 6 నాటి తుపాను మన కోనసీమలో కొబ్బరిచెట్లను పడగొట్టి, ఇండ్లను కూల్చి, వందలాది ప్రాణములు తీసికొనినది. ఆకలిగొన్నవానికి అన్నము పెట్టుటకు అట్టి దినములలో మతము అడుగరాదు, తరువాత లెక్క అడుగరాదు.

చట్టమును కూడ ఎరిగియుండుడి. మన రాజ్యాంగము 25వ అధికరణము మతమును అవలంబించుటకు, ఆచరించుటకు, ప్రచారము చేయుటకు స్వేచ్ఛ ఇచ్చినది. శాంతిభద్రతలు, నీతి, ఆరోగ్యము అను హద్దులు కూడ పెట్టినది. 1977లో సుప్రీంకోర్టు స్టానిస్లాస్ కేసులో ప్రచార స్వేచ్ఛయనగా మరియొకని మతము మార్చు హక్కు కాదని తీర్పు చెప్పినది. మనకు దీనివలన భయమేల? హృదయమును మార్చువాడు పరిశుద్ధాత్ముడే. సాక్ష్యమిచ్చుటయే మన పని.

గల్ఫు దేశములలో హద్దులు మరింత కఠినము. సౌదీలో బహిరంగ దేవాలయమే లేదు. మస్కట్టులో రువి, ఘాలాలయందు ప్రభుత్వము అనుమతించిన ఆవరణలలో ఆరాధనలు జరుగుచున్నవి గాని, ముస్లిములకు మతప్రచారము చేయుట నిషేధము. అయినను మన కోనసీమ నుండి కువైట్, మస్కట్ వెళ్ళి పరుల ఇండ్లలో వంటపని చేయుచున్న అక్కచెల్లెండ్రను తలంచుకొనుడి. వారికి సర్టిఫికెట్టు లేదు, శిక్షణ లేదు. వారి నమ్మకత్వము, ఓర్పు, సెలవు దినమున కన్నీటితో పాడు కీర్తన, ఇవియే వారి ప్రసంగము. మిషనరీలుగా వెళ్ళు మీరు ముందుగా ఈ అక్కల యొద్ద పాఠము నేర్చుకొనుడి.

సంఘ సభ్యులారా, ఒక మాట మీతో కూడ. అంతియొకయ సంఘము ఉపవాసముండి, ప్రార్థించి, చేతులుంచి పౌలు బర్నబాలను పంపినది. పంపువారు లేనిదే వెళ్ళువారు లేరు. బిడ్డ విమానమెక్కిన దినమున దండ వేసి మరచిపోకుడి. నెలకొక ఉత్తరమో, ఫోనో చేయుడి. ఇంటివద్దనున్న తలిదండ్రులను దర్శించుడి. మన ఆరాధనకు క్రొత్తగా వచ్చి వెనుక వరుసలో ఒంటరిగా కూర్చున్న వ్యక్తిని పేరు అడుగుడి. గుడి గుమ్మములో అపరిచితుని పలుకరింపలేని సంఘము అపరిచిత దేశమునకు ఏమి పంపగలదు?

మనకు స్నేహితుడైన ప్రభువు, శతాబ్దము పొడుగున మనలను నడిపించినవాడు, రాబోవు తరములను కూడ ప్రేమగల సాక్షులనుగా చేయును గాక. ఆమేన్.